పేచీ పెట్టడానికి మనిషి కావలెను

కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున ఆరాధన అయ్యాక మా సంఘంలో వాగ్దానపు కార్డులు పంచుతారు. పళ్ళెంలో బోర్లించిన కార్డుల్లోంచి కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. దాని మీద ఏ వాక్యం ఉంటే ఆ ఏడాదికి అదే మన దారి. మామూలు మనుషులు ఆ కార్డుకి ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తారు, లేదంటే బీరువా తలుపుకి అంటించి ఫిబ్రవరికల్లా మరిచిపోతారు. మా సంఘ కార్యదర్శి దార్ల నెహెమ్యా గారు మామూలు మనిషి కాదు. డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన మనిషి. ఈ ఏడు ఆయనకొచ్చిన కార్డులో, దేవుని వాక్యం మన అడుగులకు దీపమని ఉంది. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివారు. తర్వాత నన్ను పిలిచి, "ఎఫ్రాయీమూ, ఇది వాగ్దానం కాదయ్యా. ఇది ఉత్తర్వు" అన్నారు.

నేను సంఘం ఆఫీసులో గుమాస్తాని. ఉత్తర్వు అనే మాట వినబడితే నా వేళ్ళు వాటంతటవే టైపు మిషను మీదికి పోతాయి. ఆ సాయంత్రానికే సర్క్యులరు తయారైంది.

"ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా, మన సంఘమునకు చెందిన మందిరము, పాఠశాల, బాలికల బోర్డింగులయందు ఇకమీదట వాక్యాధారము లేని ఏ పనియు జరుగరాదు. అర్జీదారుడు తన కోరికకు తగిన లేఖన భాగమును అధ్యాయము, వచనముల సంఖ్యతో సహా జతపరచవలెను. సదరు పని సదరు లేఖనములో ఏ రీతిగా జరిగినదో అదే రీతిగా జరిపించవలెను."

ఆ ఆఖరి ముక్క నాదే. 'అదే రీతిగా' అన్న మాట చెవికి ఇంపుగా ఉందని పెట్టాను. దానికి అంత ఆకలి ఉంటుందని నాకేం తెలుసు?

మా ఊరు సంతరేవులో ఈ సర్క్యులరుని ఎవరూ కాదనలేదు. వాక్యం వద్దని ఎవరంటారు? మా పాస్టరు జఫన్యా అయ్యగారు మెత్తని మనిషి. "వాక్యప్రకారం బతకడం మంచిదేగా" అని సంతకం పెట్టి, నెమ్మదిగా కాఫీ తాగారు.

మొదటి అర్జీ గుడి గంట కొట్టే సమూయేలుది. వరండాలో బల్బు మాడిపోయింది, కొత్తది కావాలన్నాడు. తెలివిగలవాడు, సృష్టి మొదటి రోజున వెలుగు కలిగిన వచనం జతపరిచాడు. నెహెమ్యా గారు ఆనందంగా ఆమోదించి కింద ఇలా రాశారు: "సదరు లేఖనమందు వెలుగు మాటచేత కలిగినదే గాని కొనుగోలు చేయబడినట్లు లేదు. కావున అర్జీదారుడు వరండాలో నిలువబడి పలికి, ఫలితమును మూడు దినములలో నివేదించవలెను." సమూయేలు మూడో రోజున నివేదించాడు: "పలికితిని. రాలేదు." దాని కింద నెహెమ్యా గారి ఎర్ర సిరా: "విశ్వాస లోపము. ఫైలు మూయడమైనది."

స్కూలు డ్రిల్లు మాస్టారు వాలీబాల్ అడిగారు. లేఖనాలన్నీ గాలించినా బంతి దొరకలేదు. పరుగు పందెం దొరికింది కాబట్టి పిల్లల్ని పరుగెత్తించమన్నారు. లెక్కల టీచరు బావమరిది పెళ్ళికి సెలవడిగితే ప్రభువు నీళ్ళను ద్రాక్షారసం చేసిన కానా ఊరి పెళ్ళి కింద మంజూరు చేశారు. అయితే తిరిగొచ్చాక అక్కడ రాతిబానలు ఆరు ఉన్నాయో లేదో ధ్రువీకరించమన్నారు. ఆవిడ ప్లాస్టిక్ డ్రమ్ములు నాలుగని నిజం రాసింది. ఆ సెలవు రద్దయింది.

ఇవన్నీ నేను నవ్వుకుంటూనే టైపు చేశాను. మార్చి మొదటి వారంలో బోర్డింగు నీళ్ళ మోటారు కాలిపోయేదాకా నా నవ్వుకి అడ్డం లేదు.

మా బాలికల బోర్డింగులో అరవై నలుగురు పిల్లలు. చాలామంది కూలీల బిడ్డలు. వాళ్ళను చూసుకునేది మేట్రన్ కెజియమ్మ. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే ఉంది, నోరు గట్టిది, చెయ్యి ఇంకా గట్టిది. మోటారు కాలిన మర్నాడు ఆఫీసుకొచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నా బల్ల మీద వాలింది.

"ఎఫ్రాయీమన్నా, పిల్లలు నీళ్ళ కోసం రోడ్డు దాటి కాలవగట్టు కుళాయి కాడికి పోతన్నారు. బిందె తర్వాత బిందె. లారీలు ఎట్టా వస్తాయో నీకు తెలుసుగా. పదో తరగతోళ్ళకి ఇంకా మూడు వారాల్లో పరీక్షలు. పుస్తకం పట్టేదెప్పుడు?"

"అర్జీ పెట్టు కెజియమ్మా."

"అర్జీ సంగతి సరే. అసలు సంగతి ఇను. ఇప్పుడు మిరప కోతలు. బోర్డింగులో నీళ్ళు లేవని తెలిసిందంటే తండ్రులొచ్చి ఆడపిల్లల్ని తీసకపోతారు. చదువు మానిపించాలని కాదు, కష్టపడతందిగా, ఇంటికి తీసకపోదామని. ఇంటికి పోయిన పిల్ల మర్నాడు మిరప చేలో ఉంటది. ఇంక పరీక్షేంది, పాడేంది!"

ఆమె మాట అబద్ధం కాదు. నేనూ కూలి బిడ్డనే. ఆ బోర్డింగు పక్కనున్న మగపిల్లల షెడ్డులో చదువుకునే గుమాస్తానయ్యాను. అందుకే ఆ రోజు ఇంటికెళ్ళకుండా కూర్చుని వచనం వెతికాను. మోటారు ఎక్కడా లేదు. పంపు లేదు. చివరికి ఇస్సాకు దొరికాడు. తండ్రి తవ్వించిన బావులు పూడిపోతే ఇస్సాకు వాటిని మళ్ళీ తవ్వించాడు. ఇంతకంటే ఏం కావాలి? పాడైన నీటి వసతిని బాగుచేసుకోవడమే కదా. మురిసిపోయి, ఠపీమని ముద్ర కొట్టి, సంఘ కమిటీ ముందు పెట్టాను.

నెహెమ్యా గారు ఆ అధ్యాయం మొత్తం చదివించారు. అదే నేను చేసిన పొరపాటు, నేను మొత్తం చదవలేదు.

"ఎఫ్రాయీమూ, ఇస్సాకు పనివాళ్ళు మొదటి బావి తవ్వగా ఏం జరిగింది?"

"గెరారు కాపరులొచ్చి నీళ్ళు మావేనని పోట్లాడారండి."

"రెండో బావికి?"

"దానికీ పోట్లాడారండి."

"మూడో బావికి?"

"పోట్లాట లేదండి. అప్పుడు స్థిరపడ్డారు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "కావున క్రమము స్పష్టము. రెండు తవ్వకములు, రెండు తగాదాలు, అటుపిమ్మట మూడవ దశలో నీరు. మోటారు మరమ్మతు మూడవ దశ క్రిందకు వచ్చును. మొదటి రెండు దశలు పూర్తి కాకుండా మూడవ దానికి అనుమతి ఇచ్చుట లేఖనమును దాటిపోవుటే అగును."

జఫన్యా అయ్యగారు మెల్లగా గొంతు సవరించుకున్నారు. "నెహెమ్యా గారూ, ఇస్సాకు తగాదా కోరుకోలేదు కదండీ. అదే వచ్చింది."

"మనకు రావడం లేదు గనుక కోరుకోవలసి వచ్చినది, అయ్యగారు."

అయ్యగారు కాఫీ వైపు చూశారు. అది చల్లారిపోయింది.

మర్నాడు బోర్డింగు వెనక గోడ వారన మూడు గజాల లోతు గుంట తవ్వించారు. నీళ్ళు పడలేదు. పడనక్కర్లేదు, ముందు తగాదా పడితే చాలు. ఆ గోడ అవతల మస్తాన్ వలీ గారి కట్టెల అడితి. తగాదా పడటానికి ఆయనకంటే దగ్గరివాడు లేడని నన్ను పంపారు. ఆయన దుంగ మీద కూర్చుని లెక్క రాయించుకుంటున్నాడు.

"మస్తాన్ గారూ, మీరొకసారి వచ్చి ఆ గుంట కాడ నిలబడి, ఈ నీళ్ళు మావి అనాలండి."

"ఏ నీళ్ళు?"

"ఇంకా పళ్ళేదండి. ముందు మీరు పేచీ పెడితే, ఆ తర్వాత పైనుంచి అనుమతి వస్తుంది."

ఆయన నా మొహంలోకి చూశాడు, ఎండదెబ్బేమోనని. "ఎఫ్రాయీము గారూ, ఆడపిల్లల నీళ్ళకు అడ్డం పడ్డానని నా నోటితో అనమంటారా? మా అమ్మ బతికుంటే చీపురు తిరగేసేది. నా బోరు నిండా నీళ్ళే. గోడ మీంచి పైపు పంపిస్తా, మోటారు బాగయ్యేదాకా వాడుకోండి. పోనీ, బాగయ్యాక కూడా వాడుకోండి."

అన్నట్టే గంటలో, కొసన కుళాయితో, నల్ల పైపు మా గోడ మీదికి వచ్చింది. కెజియమ్మ స్తోత్రం చెప్పుకుని తొట్టి కడిగించింది. నీళ్ళు తొట్టిలో పడేలోపే నెహెమ్యా గారి మెమో వచ్చి పడింది: "పొరుగువారి నీటికి వాక్యాధారమేది?"

నేను పరుగెత్తుకెళ్ళి సమరయ స్త్రీని తెచ్చాను. ప్రభువే బావి దగ్గర కూర్చుని, వేరే జనంలోని ఒకామెను నీళ్ళడిగాడు కదా!

"అడిగినట్లు ఉన్నది," అన్నారు నెహెమ్యా గారు. "త్రాగినట్లు ఎక్కడ ఉన్నది?"

వెతికాను. లేదు. సంభాషణ సాగింది, ఆమె కుండ అక్కడే వదిలేసి ఊళ్ళోకి వెళ్ళిపోయింది. త్రాగినట్టు ఎక్కడా రాసి లేదు.

"కావున నీళ్ళు అడుగుటకు అనుమతి ఉన్నది. వాడుటకు లేదు. పైపు గోడ మీద ఉండవచ్చును. తిప్పినవారిపై చర్య తీసుకొనబడును."

ఆ మెమో కెజియమ్మకు నేనే ఇచ్చాను. చదివి, మడిచి, జాకెట్లో దోపుకుంది. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానీయదు" అంది. అయినా పైపు తిప్పలేదు. నిజం చెప్పాలి, ఆమె వాక్యానికి భయపడే మనిషి. ఎర్ర సిరాకీ వాక్యానికీ తేడా ఉంటుందని ఆమెకు ఇంకా అనిపించలేదు. నాకు అనిపించింది, కానీ నాకు ఉద్యోగం ఉంది.

మస్తాన్ గారి మంచితనం కమిటీకి పెద్ద తలనొప్పయింది. ఆయనకు నోటీసు పోయింది: "తమరు పేచీ పెట్టకపోవుటచే బాలికల నీటి వసతి జాప్యమగుచున్నది. ఏడు దినములలో తగు పేచీ పెట్టనియెడల తమరే బాధ్యులు." అది అందుకుని ఆయన ఆఫీసుకొచ్చి గుమ్మంలో నిలబడి వీధి అదిరేలా తిట్టాడు. నెహెమ్యా గారి మొహం వెలిగిపోయింది. "వ్రాయుము, వ్రాయుము! నీళ్ళ ప్రస్తావన వచ్చినదా?"

"వచ్చిందండి. 'నీళ్ళు పట్టుకోండిరా బాబూ, మీకు దణ్ణం' అన్నాడండి."

"పట్టుకొమ్మన్నాడా?" ఆయన కలం మూశారు. "అయితే చెల్లదు."

గోడ వారన పేచీకోరులు తిరగరని తేలింది కాబట్టి రెండో గుంట రోడ్డు వైపు, టీకొట్టు ఎదురుగా తవ్వించారు. దాని పక్కన బోర్డు పెట్టించారు: 'ఈ నీళ్ళు మావి అనువారు ఆఫీసు వేళలలో సంప్రదించవలెను.' వారం రోజుల్లో ఒకే ఒక మనిషి వచ్చాడు, మరుగుదొడ్డి గుంటకు రింగులు కావాలా అని.

ఈలోపు బోర్డింగు గేటు దగ్గర తండ్రులు కనబడసాగారు. పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు తండ్రి, చాపచుట్టతో వెనక కూతురు. ఒక రోజు ఇద్దరు. ఇంకో రోజు ముగ్గురు. రిజిస్టరులో పేరు కొట్టేసేది నేనే. పదకొండో పేరు తబిత. పదో తరగతిలో ఫస్టు వచ్చే పిల్ల. గేటు దగ్గర కెజియమ్మ వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంది.

"అన్నా, రెండు రోజులు ఆగు. నీళ్ళొస్తాయి."

"పోయిన వారం కూడా రెండు రోజులే అన్నావమ్మా," అన్నాడతను మర్యాదగానే. "మొన్న బిందెతో రోడ్డు దాటతంటే లారీ వోడు ఎంట్రుకవాసిలో తప్పించాడంట. చదువు పోతే పోయింది, పిల్లుంటది."

తబిత చాపచుట్ట చంకన పెట్టుకుంది. హాల్ టికెట్టు పుస్తకంలో పెట్టుకుని పోయింది.

కెజియమ్మ గేటు గడియ పెట్టింది. తర్వాత చీర కుచ్చిళ్ళు దోపుకుని, వెనక గోడ దగ్గరికి పోయి, పైపు తిప్పింది. పిల్లలు కేకలు వేస్తూ తొట్టి చుట్టూ మూగారు. ఆ కేకలు ఆఫీసు దాకా వినిపించాయి. నెహెమ్యా గారు గడియారం చూసి టైము రాసుకున్నారు.

విచారణ శనివారం పెట్టారు. పరీక్షలు సోమవారం. స్థల తనిఖీ కూడా కలిసొస్తుందని, వెనక గోడ వారన మొదటి గుంట పక్కనే కుర్చీలు వేయించారు. నెహెమ్యా గారు రంగురంగుల జరీ శాలువా కప్పుకొచ్చారు, విచారణలకు ఆయన అదే కప్పుకుంటారు. సంఘపెద్ద సీలయ్య మాస్టారు కూడా వచ్చి కూర్చున్నారు. గెరారు కాపరులు ఫిలిష్తీయులు కాబట్టి, వాళ్ళ తరఫున పేచీ పెట్టడానికి రెండు రోజుల క్రితమే నెహెమ్యా గారు ఆయన్ని 'తాత్కాలిక ఫిలిష్తీయుడు'గా నియమిస్తూ ఉత్తర్విచ్చారు. నలభై ఏళ్ళు కానుక పళ్ళెం పట్టిన తనని ఫిలిష్తీయుడంటారా అని మాస్టారు ఆ కాగితం నాలుగు ముక్కలు చేశారు. ఆ ముక్కలు జేబులో పెట్టుకునే వచ్చారు.

"కెజియమ్మా," అన్నారు నెహెమ్యా గారు, "ఏ వచనము ఆధారముగా పైపు తిప్పితివి?"

"ఆ పొద్దు నా చేతులు ఖాళీ లేవండీ, పేజీలు తిప్పటానికి."

"ఇది జవాబు కాదు. అభియోగము రుజువైనట్లే."

"ఆగండి," అన్నారు సీలయ్య మాస్టారు. "ఆవిడ సంగతి తర్వాత. ముందు ఈ గుంట సంగతి తేల్చండి. దీంట్లో నీళ్ళు లేవు. నీళ్ళు లేని గుంట మన స్థలంలో ఉండటానికి వాక్యాధారం ఏమిటి?"

నెహెమ్యా గారు నా వైపు చూశారు. నాకు తెలిసింది ఒక్కటే ఉంది. చెప్పక తప్పలేదు. "యోసేపు గుంటండి. అన్నలు పడేశారు. అది వట్టి గుంట, నీళ్ళు లేవని రాసి ఉందండి."

"మరి అదే రీతిగా జరగాలి కదా," అన్నారు మాస్టారు. "ఎవరినో ఒకరిని దించాలి. యోసేపుకు విచిత్రమైన రంగుల అంగీ ఉంది. మనలో రంగుల బట్ట ఎవరి భుజాన ఉందో అందరూ చూస్తూనే ఉన్నారు. సోదరులు ఆయనతో ప్రేమగా మాట్లాడలేకపోయారని కూడా ఉంది. ఆ విషయంలో నేను సాక్ష్యం చెబుతాను."

నెహెమ్యా గారు కోప్పడతారనుకున్నాం. పడలేదు. అధ్యాయం తెప్పించుకుని చదివారు. ఆయన చాదస్తుడే గాని దొంగ కాదు, అది నేను ఎక్కడైనా చెబుతాను. లేచారు. చెప్పులు విడిచారు. "నియమము కార్యదర్శికి కూడా నియమమే," అని, నిచ్చెన వేయించుకుని, శాలువాతో సహా గుంటలోకి దిగి నిలబడ్డారు. నిచ్చెన తీసేయించారు, యోసేపుకు నిచ్చెన లేదు కాబట్టి.

గుంటలో వేశాక అన్నలు భోజనానికి కూర్చున్నారని కూడా ఉంది. పెద్దలందరూ గుంట చుట్టూ కూర్చుని పులిహోర పొట్లాలు విప్పారు. ఆ ఒక్క నిబంధన మాత్రం అందరూ అక్షరాలా పాటించారు.

"ఎప్పటిదాకా ఉండాలండీ ఆయన?" అడిగారు జఫన్యా అయ్యగారు, మెతుకు గొంతుకి అడ్డంపడి.

"యోసేపును కొనుక్కుపోయిన ఇష్మాయేలీయులు వచ్చి పైకి తీసేదాకా," లోపల్నుంచి నెహెమ్యా గారే చెప్పారు.

గోడ మీంచి ఇదంతా చూస్తున్న మస్తాన్ గారిని పిలిచి సంగతి చెప్పాను. ఈసారి ఆయన వెనకాడలేదు. "ఇష్మాయేలు మా పెద్దాయనే. ఆ పని చేస్తా. కొనుక్కోవాలంటే మాత్రం నా వల్ల కాదు, ఆయన్ని ఊరికే ఇచ్చినా ఏం చేసుకోను?" అని, తాడేసి లాగడానికి అడితి లారీ తేబోయాడు.

కెజియమ్మ ఆయన దారికి అడ్డం నిలబడింది. "అన్నా, లారీ తెస్తన్నావుగా. ఆయన్ని తర్వాత తీద్దువుగాని. ముందు చేలకు పోనీ. పదకొండు మంది ఉన్నారు."

మస్తాన్ గారు గుంటలోకి చూశాడు. కెజియమ్మను చూశాడు. "ఎక్కమ్మా" అన్నాడు.

పదకొండు గంటలకు పోయిన లారీ నాలుగైనా రాలేదు. పెద్దలు చేతులు కడుక్కుని కునుకు తీయడానికి ఇళ్ళకు పోయారు. అయ్యగారు గొడుగు తెచ్చి గుంట మీద పట్టబోతే, యోసేపుకు గొడుగు లేదని నెహెమ్యా గారే వద్దన్నారు. మార్చి నెల ఎండ గుంటలో నిలువునా దిగింది. మూడింటి నుంచీ ఆయన మాటలు తగ్గాయి. చివరికి, "ఎఫ్రాయీమూ, నీళ్ళు" అన్నారు.

నేను గుంట దగ్గరికి పోయాను. నా చేతిలో ఏముందో తెలుసా? అర్జీ ఫారం. మూడు నెలల అలవాటు. దాన్ని చూసుకుని నాకు నా మీద అసహ్యం వేసింది. కాగితం చింపి పారేసి, గ్లాసు కోసం వెనక్కి తిరిగేసరికి లారీ వచ్చింది.

తొమ్మిది మంది దిగారు. ఇద్దరు దొరకలేదు, వాళ్ళ వాళ్ళు కోతలకి వేరే జిల్లా పోయారు, ఏ ఊరో తెలీదు. కెజియమ్మ తండ్రులతో ఏం మాట్లాడిందో చెప్పలేదు, గొంతు మాత్రం పోయింది. పిల్లలందరి బట్టలూ ఎర్రటి మిరప దుమ్ము. అందరూ పైపు వైపు పరుగెత్తారు, చేతులు మండిపోతున్నాయని.

తబిత అందరికంటే ముందు చేరుకుంది. పైపు తిప్పబోతూ గుంటలోంచి మూలుగు విని ఆగింది. తొంగి చూసింది. తొట్టి గట్టు మీదున్న స్టీలు గ్లాసు తీసుకుని, నీళ్ళు పట్టి, బోర్లా పడుకుని కిందికి చాపింది.

నెహెమ్యా గారు రెండు చేతులా అందుకుని గటగటా తాగారు. సగం తాగి ఆపారు. పెదవులు తుడుచుకున్నారు, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నారు, అబ్బా అన్నారు.

"నీళ్ళు మండుతున్నవేమిటమ్మా?"

"నీళ్ళు కాదండీ," అంది తబిత. "నా చేతులు."

ఆయన గ్లాసుకేసి చూశారు. దాని చుట్టూ అంటుకున్న ఎర్రటి వేలిముద్రలు చూశారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఎంత మిరప ఘాటుకో, ఎంత కాదో నేను చెప్పలేను. మిగిలిన సగం తాగలేదు. గ్లాసు జాగ్రత్తగా పైకెత్తి ఆ పిల్లకే అందించారు.

"ముందు నువ్వు కడుక్కో తల్లీ" అన్నారు.